ఊరకుండిన దినము

ఏ పనియుఁ జేయక యొక దినము గడపుట యెంత కష్టమో బడి యుపాధ్యాయునకుఁ దెలిసినంతగా నింకొకనికిఁ దెలియదు. ముప్పావు గంటకొకసారి గంట మ్రోఁగవలెను. మ్రోఁగనిచో మాకు లోకము నిలిచిపోయినట్లుండును. వేసవి సెలవులలో మొదటి వారమంతయుఁ దెల్లవాఱఁగనే లేచి, పోవలసిన చోటు లేక, వాకిట నిటునటు తిరుగుచుందుము. ఇంటివారు చూచి నవ్వుదురు. ఇట్టి మేము మొన్నటి మే నెలలో సముద్రము దాఁటి, పరదేశపు రేవుపట్టణమొకదానియందు మిత్రులతోఁ గూడి యొక దినమంతయు నూరకుండుటకు సంకల్పించితిమి. సంకల్పము మధ్యాహ్నము దాఁక నిలిచినది. పిదప నేమైనదో చెప్పుటకే యీ నాలుగు మాటలు.

మాది అమరాపురము. మడకశిర దాఁటిన పిదప తెలుఁగుదేశ మిఁక ముగియఁబోవుచున్న దనఁగా వచ్చు నూరు. చుట్టును గన్నడదేశపుఁ బల్లెలు. మా బడిపిల్లలలోఁ బెక్కండ్రు ఇంటఁ గన్నడమును, బడిలోఁ దెలుఁగును, ఆటలో రెంటిని గలిపియు మాటలాడుదురు. సమీపమున హేమావతిలో నొళంబరాజుల నాఁటి గుళ్లున్నవి. వానిని జూడవచ్చువారు దక్క దూరదేశపువారు మా దారిని రారు. వానలు తక్కువ, వేరుసెనగ యెక్కువ, అప్పులు మఱింత యెక్కువ. సముద్రమును మేము భూగోళపాఠములో నిరువది యేండ్లుగా నల్లబల్లమీఁద నీలపు సుద్దతో వ్రాయుచున్నారము గాని, కన్నులారఁ జూచినది మద్రాసులో నొక్కమాఱే.

మిత్రులు మువ్వురు. ఒకఁడు హిందూపురమున బెల్లము, చింతపండు మండీ గలవాఁడు. ఒకఁడు ధర్మవరమున పట్టుమగ్గములు నడపువాఁడు. మూఁడవవారు పెనుకొండలో వకీలు. ఆయన మాతోఁ జదివినవారే యైనను, నల్లకోటు తొడిగిన నాఁటినుండి మాకుఁ దెలియకుండనే ‘గారు’ చేరినది. నలువురము కళాశాల విడిచిన నాఁటినుండి ఎచ్చటికైనఁ బోవుద మనుకొనుచు, నాలుగేండ్లక్రిందట చీటి వేసికొని, నెలనెల కొంత కట్టి, తుదకు మారిషసు ద్వీపమునకుఁ బోయితిమి. ఆ ద్వీపమే యేల యనఁగా, హిందూపురపు మిత్రుఁడు చెఱకు చూడవలె ననెను. వకీలుగారు ముందుగా వీసా తెచ్చుకొనవలసిన పని లేని దేశము కావలె ననిరి. ధర్మవరపు మిత్రుఁడు భోజనమునకుఁ బప్పు దొరకినఁ జాలు ననెను. మమ్ము నెవ్వరు నడుగలేదు.

ముంబయినుండి విమానమున నాఱు గంటల పైచిలుకు ప్రయాణము. అచ్చటి గడియారము మన గడియారముకంటె గంటన్నర వెనుకఁబడి యుండును. మొదటి నాలుగు దినములును కారువాఁడు మమ్ము పరుగులెత్తించెను. చమరేలులో నేడు రంగుల మన్ను, పాంప్లెమూసు తోఁటలో వెడఁద పళ్లెములవంటి తామరాకులు, కొండలనడుమ గంగాతలావు కొలను, అన్నియుఁ జూపెను. చూచితిమి. దారిపొడుగునను జెఱకుతోఁటలే. ఆ తోఁటల నడుమ నల్లరాతిగుట్టలు, మనుష్యుని చేతితోఁ బేర్చినవి, మెట్లుమెట్లుగా నచ్చటచ్చట నిలిచియున్నవి. గుళ్లా యని యడిగితిమి. కాదట, అగ్నిపర్వతము వెడలఁగ్రక్కిన రాళ్లతో నిండియున్న నేలను జెఱకుకు సిద్ధపఱచుటకై కూలివారు నాఁడు చేతులతో నేఱి పోగుచేసిన రాళ్లట. హిందూపురపు మిత్రుఁడు కారు నాపించి, దిగి, ఒక రాతిని గదలింపఁజూచి, మాటలాడక తిరిగి వచ్చి కూర్చుండెను.

ఐదవ నాఁడు కారు వలదంటిమి. పోర్టు లూయీ నగరములోనే యుండి, ఏమియుఁ జూడక, ఏమియుఁ గొనక, కూర్చుండుట మా నిశ్చయము.

ఉదయము రేవుగట్టున కోదాఁ యను చోటఁ జెట్లక్రింద నొక పొడుగు బల్ల దొరకినది. మే నెల యచ్చట చలికాలపుఁ దొలి దినములు. మనయూర గొడ్లు నీడకుఁ బరుగెత్తుచుండు వేళ నచ్చట గాలి పైపంచె కోరునంత చల్లఁగా వీచుచుండెను. ముందు ఓడలు, వెనుక కొండలు. ఆ కొండలలో నొకదానికి బొటనవ్రేలని పేరు, చూచిన నట్లే యున్నది. ఇంకొకదాని శిఖరముమీఁద గుండ్రని బండ యొకటి మనిషి తలవలె నిలిచియున్నది. అది పడునా పడదా యని నలువురము గంటసేపు వాదించితిమి. వకీలుగారు ఫ్రెంచి వార్తాపత్రిక కొని, ఒక్క మాట తెలియకున్నను, తుదివఱకుఁ బుటలు త్రిప్పిరి. ధర్మవరపు మిత్రుఁడు నీటి రంగునకు మగ్గముమీఁదఁ బేరేమో యోచించి, నెమలికంఠ మనెను. మేఘము కమ్మఁగానే మాట మార్చుకొనెను. మాకు జ్ఞాపకమున్నంతలో నంత సుఖమైన పూర్వాహ్న మింకొకటి లేదు. సుఖమని వ్రాసినచో నింతకంటెఁ జెప్పుటకేమియు నుండదు గదా!

ఆఁకలియైన పిదప నడచి సంతబజారునకుఁ బోయితిమి. అచ్చట దాల్‌పూరీ యని యొకటి యమ్ముదురు. ఉడికిన సెనగపప్పు పొడి లోపలఁ బెట్టి పలుచఁగా నొత్తి పెనముమీఁదఁ గాల్చి, చిక్కుడుగింజల కూరయుఁ బచ్చడియు నందుఁ జుట్టి కాగితములో నిచ్చెదరు. హిందూపురపు మిత్రుఁడు మొదటి ముద్దలోనే కేక వేసెను: "అప్పా, ఇది మన ఓళిగే! బెల్లము మఱచిపోయినారు!" అంగడివానికిఁ దెలియని భాషలో నతనికి బెల్లపు పాకమునుగుఱించి యుపన్యసించుట కారంభించెను. మెలఁకువ గల పప్పువడలును, సబ్జాగింజలు వేసిన చల్లని పాలును ఉన్నవి. వానికి ఫ్రెంచి పేళ్లు, హిందూస్థానీ పేళ్లు. ఆకుకూర లమ్ము ముసలామె మునగాకును ‘ముఱుం’ అని, కరివేపాకును ‘కరిపులే’ యని పిలిచినది. అఱవమాటలు, ఎవరి వెంట వచ్చినవో యామె యెఱుఁగదు. ఆమె ముఖమును జూచిన మా యూరి వారపుసంతలో నున్నట్లే యుండెను, నోరు తెఱచిన ఫ్రెంచివలె నుండెను.

బజారునుండి కొంచెము దూరమే ఆప్రవాసీ ఘాట్. చూడరాదనుకొన్న వానిలో నదియు నొకటి. కాని నీడకొఱకు వెదకుచుఁ బోయి యచ్చటఁ జేరితిమి. పూర్వము దానిని గూలీ ఘాట్ అనెడివారు. 1849లో కట్టనారంభించిన దిగుడుచోటు. నేఁడు మిగిలినవి కొన్ని గోడలు, కాపలావాని గది, వైద్యశాల భాగము, మఱుఁగుదొడ్ల పునాదులు, నీటినుండి పైకి వచ్చు పదునాఱు రాతిమెట్లు. అంతే. 2006లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ దీనిని బ్రపంచవారసత్వ స్థలములలోఁ జేర్చినది. 1834 నవంబరు 2న ‘అట్లాసు’ ఓడలో ముప్పదియాఱుగురు కూలీలు ఈ ద్వీపమునకు వచ్చిరి. అది మొదలు 1920 వఱకు నించుమించు నైదు లక్షలమంది ఈ రేవునకు వచ్చిరి. అందుఁ గొందఱిని మఱి యితర ద్వీపములకుఁ బంపిరి. బానిసత్వమును రద్దుచేసిన యాంగ్లప్రభుత్వము, బానిసల చోట ఒడంబడిక కూలీలను బెట్టినఁ జెఱకు సాగునా యని పరీక్షించుటకు నీ ద్వీపము నెన్నుకొనెను. దానికి ‘మహాప్రయోగ’ మని పేరు కూడఁ బెట్టిరి. నెలకు మొదట నైదు రూపాయల జీతము, ఐదేండ్ల ఒడంబడిక. ఒక దినము పనికి రాకున్న రెండు దినముల జీతము కోఁత. 1871లో తొమ్మిదివేల నాలుగువందల యొక్కరు ఈ బాధలను జెప్పుకొనుచు నర్జీ వ్రాసికొన్న పిదపఁ గాని విచారణసంఘము రాలేదు.

మెట్లమీఁదఁ గూర్చుండరాదు, ప్రక్కనున్న గోడనీడను గూర్చుంటిమి. సంస్కృతము చదివిన పాపమున మాకు బౌధాయనుఁడు జ్ఞప్తికి వచ్చెను. సముద్రయానము పాతిత్యహేతువులలో నొకటి యని యాయన ధర్మసూత్రము. మా ముత్తాతలనాఁడు దొరల చదువునకై సీమకుఁ బోయి వచ్చిన పెద్దయింటి బిడ్డలకుఁ బ్రాయశ్చిత్తము చేయించుట యెట్లని సభలు చేసిరి. అదే కాలమున కోరంగి, విశాఖపట్టణము, మద్రాసు రేవులనుండి లక్షలమంది దాఁటుచుండిరి. వారిని గుఱించి యే సభయుఁ గూడలేదు. వారు తిరిగి వచ్చి పంక్తినిఁ గూర్చుందు రన్న భయ మెవ్వరికిని లేదు గదా!

ఇంకొకటియు జ్ఞప్తికి వచ్చెను. మా బడి హాజరుపట్టికలో, వానలు తప్పిన యేఁట, దసరా వెళ్లఁగానే కొన్ని పేళ్లకెదుట వరుసగాఁ జుక్కలు పడును. అడిగినచో, "బెంగుళూరు పోయినారు సార్" అని ప్రక్కపిల్లలు చెప్పుదురు. తెల్లవాఱుజామున బస్సు మెట్లెక్కిన కుటుంబములు. ఆ మెట్లు మూఁడే. లెక్కించి యుండుటచేఁ దెలియును.

ఇట్లుండఁగా నొక వృద్ధుఁడు మాయొద్దకు వచ్చెను. డెబ్బదియేండ్ల పైబడినవాఁడు, తెల్లని చొక్కా, చేత గొడుగు. కొంతసేపు మా మాటలు వినుచు నిలిచి, పిదప నొక్కొక్క మాటనుఁ బేర్చుచు, "నమస్కారము. మీరు ఆంధ్రదేశము నుండి వచ్చితిరా? నేనును తెలుఁగువాఁడను" అనెను. చదువరులారా, మేమీ పత్రికలో వ్రాయు భాషను నోటితో మాటలాడు మనుష్యుని మేమెన్నఁడును జూచి యెఱుఁగము! మా యింటిలో మేమే యట్లు మాటలాడము. ఆయనయుఁ బాఠశాలోపాధ్యాయుఁడే, పింఛను పొందినవాఁడు. తెలుఁగు సాయంకాలపు బడిలోను, ముద్రితపుస్తకములలోను నేర్చెనట. ఇంట మాటలాడునది క్రియోలు. ఆ దేశమునఁ దెలుఁగువారిని కోరంగి రేవు పేరఁ ‘గొరింగీ’లని పిలిచెడివారు. 1839 తుపానులో ఛిన్నాభిన్నమైన యా రేవు పేరు మనకంటె వారికే యెక్కువ జ్ఞాపకమున్నది. మన యుగాదికి ఆ దేశమంతటను సెలవు. రామభజన, అమ్మోరు పండుగ, సింహాద్రి యప్పన్న పూజ విడువలేదు. అక్షరము విడిచినను బాట విడువని ప్రజలు.

ఆయన మమ్ము తేనీటికిఁ బిలిచెను. ఊరకుండవలసిన దినమని యొక్కరును జెప్పలేదు. ట్రాంకుబారు అను పేట కొండచరియమీఁద నున్నది. మన తరంగంబాడి పేరే యది. చిన్న యిల్లు, వాకిట మిరపచెట్టు, లోపల గూటిలో సింహాద్రి యప్పన్న పటము. ఆయన మనుమరాలు విశ్వవిద్యాలయమునఁ జదువుకొనుచున్న పిల్ల. ఇంగ్లీషున మాటలాడుచు టీ తెచ్చి పెట్టెను. ఆయన మాకొక పుస్తకము చూపెను. అందు భజనపాటలు, మాట తెలుఁగు, లిపి రోమను.

అప్పుడు వకీలుగారు, ఏ చెడుతలఁపును లేకయే, మన దేశమున రైలులో నెదుటివాని నడుగునట్లు, అడిగిరి: "అయ్యా, తమ పూర్వు లచ్చట ఏమిటివారు?"

వృద్ధుఁడు వెంటనే, "కూలివారు" అనెను.

వకీలుగారు నవ్వి, అది కాదనిరి. ఆయన యింటిపేరడుగుచున్నా రనుకొనెను. ఇంటిపేరు అప్పడూ. అనఁగా ముత్తాత పేరు అప్పడు. దిగుడుచోట గుమాస్తా వినినట్లు వ్రాసికొనెను. కొడుకులు, మనుమలు, మునిమనుమలు, అందఱకు నదే యింటిపేరైనది. ఆ దీవిలో నట్టి పేళ్లనేకములు. ఇదియుఁ గాదని వకీలుగారి ముఖమునఁ దెలిసికొని, ఆయన లోపలికిఁ బోయి, అద్దము వేసిన యొక కాగితము తెచ్చెను. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో వలసవారి పట్టికలను భద్రపఱచియున్నారు. అందుండి తీయించిన నకలు. ఆఱంకెల సంఖ్య. పేరు. తండ్రి పేరు. వయస్సు ఇరువదిరెండు. పొడుగు ఐదడుగుల రెండంగుళములు. జిల్లా విశాఖపట్టణము. గుర్తు: ఎడమ ముంజేతిమీఁదఁ గాలిన మచ్చ. వీని నడుమ నొక గడి: కులము. అందు గుమాస్తా గొలుసువ్రాఁతతో నొక మాట వ్రాసియున్నాఁడు, సిరా ప్రాఁకియున్నది.

చెప్పుటకు సిగ్గగుచున్నది. నలువుర తలలును నా కాగితముమీఁద వంగినవి. ధర్మవరపు మిత్రుఁడు కండ్లద్దములు తుడిచికొనెను. హిందూపురపు మిత్రుఁడు ఫోనుతో ఛాయ తీసి పెద్దదిగాఁ జేసెను. వకీలుగారు ప్రాఁత దస్తావేజులు చదువుటలో నేర్పరులు. మొదటి యక్షర మిది, కాదు, అది, యని వాదించిరి. మేమును వంగితిమి. పాతిక మంది పిల్లలచేత ఏఁటేఁట గాంధీజయంతినాఁడు కులభేదము కూడదని ప్రతిజ్ఞ చేయించు మేము వంగితిమి. గాంధీ 1901లో దక్షిణాఫ్రికానుండి వచ్చుచు నీ పట్టణముననే దిగి కొన్నాళ్లుండెనని యుదయము మిత్రులకుఁ జెప్పినదియు మేమే. ఇట్లు పావుగంట గడచెను. టీ చల్లారెను.

పిల్ల చూచుచుండెను. తుదకు, "మీరా గీటునే యేల చదువుచున్నారు? తాతయ్య ఎప్పుడును దీనిని జూచును" అని కాలిన మచ్చ గీటుమీఁద వ్రేలు పెట్టెను. ఆ యింట నెవ్వరైన పొయ్యికడఁ జేయి కాల్చుకొన్నచో, "ముత్తాత వచ్చినాఁడు" అని నవ్వుదురట. ఆ మచ్చ యెట్లు వచ్చెనో యెవ్వరికిఁ దెలియదు, తరమునకొక కథ. పిల్ల తన కథను జెప్పెను, వృద్ధుఁడు తన కథను జెప్పెను, రెండును గలియలేదు, వారిద్దఱును దానికి నవ్వుకొనిరి.

వకీలుగారు కాగితమును మెల్లఁగా బల్లమీఁదఁ బెట్టిరి. ఆయన చెడ్డవారు కారు. బీదలకు ఫీజు లేక వాదించిన వ్యాజ్యములు మే మెఱుఁగుదుము. మాకును జెప్పుకొనఁ గొంత యున్నది. బడి ప్రవేశపట్టికలో కులము గడి మా చేతితోనే నింపుచున్నాము. ఆ గడి లేకున్న మా బడిలోఁ గొందఱు బిడ్డలకు ఉపకారవేతనము రాదు, తండ్రులు చేసిన కూలి బిడ్డలకుఁ దప్పదు. కాఁబట్టి గడి నెత్తివేయుఁ డని మేమనలేము. ఆ దేశమువారును లెక్కలు మానినవారు కారు; 1972 తరువాత జనాభాలెక్కలలో జాతి యడుగుట మానిరి గాని, ఎన్నికలయందు జాతులవారీ లెక్క నడచుచునే యున్నది. వృద్ధుఁడే యా మాట చెప్పెను. అక్కఱకై వ్రాసిన గడి వేఱు, టీ చల్లాఱునంతసేపు చదివిన గడి వేఱు.

బయలుదేఱునపుడు వృద్ధుఁడు భజనపుస్తకము చివరి పుట తెఱచి, ముత్తాత పేరుఁ దెలుఁగక్షరములతో సరిగా వ్రాసి యిమ్మని మమ్మడిగెను. కలము పట్టి యాలోచించితిమి. సింహాద్రి యప్పన్న పేరు పెట్టుకొన్నవాఁ డప్పన్న కావలెను. పొలముగట్టున నిలిచి పిలుచువారి నోట నది అప్పడైనది. అడిగిన దొరకు నిరువదిరెండేండ్లవాఁడు, తన్నెట్లు పిలిచెదరో యట్లే చెప్పియుండును. మాకుఁ దోఁచిన దిది. అందుచే ‘అప్పన్న’ యని సవరించి వ్రాయుదునా యని యడిగితిమి. వృద్ధుఁడు తల యడ్డముగాఁ ద్రిప్పి, "ఆయన నోటితో చెప్పినది వ్రాయుఁడు" అనెను. వ్రాసితిమి. ప్రక్కన ‘గారు’ చేర్చితిమి. ఆయన కూడఁబలుకుకొనుచుఁ జదివి, మనుమరాలికి వినిపించెను. చల్లని టీ నలువురమును ద్రాగి లేచితిమి.

కొండ దిగివచ్చుచుండఁగా సూర్యుఁడు రేవునకవ్వల సముద్రములోఁ గ్రుంకుచుండెను. హిందూపురపు మిత్రుఁడును ధర్మవరపు మిత్రుఁడును ముందు నడచుచుండిరి. వకీలుగారు మాతోఁ గలిసి కొంతదూరము మౌనముగా నడచి, "అయ్యవారూ, ఆ మాట మీకుఁ దెలిసినదా?" అనిరి.

అక్షరములు చెడిపోయినవి, చదువ శక్యము కాలేదని చెప్పితిమి. ఆయన నమ్మిరి.

మేము చదివితిమి. మొదటి చూపునందే చదివితిమి. చదివిన తోడనే, టీకప్పుకై చాఁచిన మా చేయి యొక్క క్షణ మాగినది.